పాఠశాల పాలక మండలిలో విద్యార్థులకు స్థానం: ఎవరికి, ఏయే విషయాల్లో, ఓటు ఉండాలా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు ఒక ఉన్నత పాఠశాల పాలక మండలిలో సభ్యులు. మండలిలో విద్యార్థులకు అధికారికంగా స్థానం కల్పించాలన్న ప్రతిపాదన మీ ముందుకు వచ్చింది. పిల్లలకు ఓటు ఇస్తే ఉపాధ్యాయుల మాటకు విలువ ఉండదని కొందరు సభ్యులు అంటున్నారు. పిలిచి కూర్చోబెడదాం గానీ ఓటు మాత్రం వద్దని మరికొందరు అంటున్నారు. ఏ వయసు నుంచి, ఎంతమందికి, ఏయే విషయాల్లో, ఓటుతోనా లేకుండానా అని మీరు అడిగారు. నేను ప్రధానోపాధ్యాయినిగా పనిచేసి, ఆ తరువాత పలు పాఠశాలల్లో విద్యార్థి మండళ్ల ఏర్పాటుకు తోడ్పడుతూ వస్తున్నాను. ఆ పనిలో చూసినదాన్ని బట్టి సమాధానం ఇస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, స్థానం ఇవ్వండి. ఇద్దరికి తక్కువ కాకుండా, విద్యార్థులే రహస్య ఓటుతో ఎన్నుకున్నవారికి, మండలి నియమావళిలో రాసి మరీ ఇవ్వండి. ఆర్థిక బాధ్యతలు, వ్యక్తుల వ్యవహారాలు మినహాయించి మిగిలిన విషయాల్లో ఓటు కూడా ఇవ్వవచ్చు. అయితే ఓటు గురించి వాదించుకునే ముందు తేల్చవలసినవి మరో రెండు ఉన్నాయి: ఎజెండాలో తమ అంశాన్ని పెట్టించుకునే హక్కు, ఆ అంశంపై గడువులోగా రాతపూర్వకమైన జవాబు పొందే హక్కు. ఓటు ఉండి ఈ రెండూ లేని చోట ప్రతినిధులు ఏడాది తిరగకముందే సమావేశాలకు రావడం మానేయడం చూశాను. ఓటు లేకపోయినా ఈ రెండూ ఉన్న చోట పాఠశాల నడిచే తీరులో మార్పు రావడం కూడా చూశాను.

ఓటు గురించి మీ మండలిలో ఉన్న భయానికీ ఆశకూ కూడా లెక్క ప్రకారం ఆధారం తక్కువ. పదిహేను మంది సభ్యులున్న మండలిలో రెండు ఓట్లతో విద్యార్థులు తమంతట తాము ఏ తీర్మానాన్నీ గెలిపించలేరు, ఓడించలేరు. పెద్దలు దాదాపు సరిసమానంగా చీలిపోయినప్పుడు మాత్రమే ఆ రెండు ఓట్లు ఫలితాన్ని మారుస్తాయి, అది అరుదు. కాబట్టి ఓటు ఇచ్చినందువల్ల అధికారం పిల్లల చేతికి పోదు, ఓటు ఇచ్చినంత మాత్రాన వారి మాట వినబడుతుందన్న హామీ కూడా లేదు.

ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం ఈ చర్చకు పునాది. తనకు సంబంధించిన అన్ని విషయాల్లో అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పే హక్కు పిల్లలకు ఉందని, వారి వయసుకూ పరిణతికీ తగినంత విలువ ఆ అభిప్రాయానికి ఇవ్వాలని అది చెబుతుంది. చాలామంది మొదటి సగాన్ని మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. లారా లండీ అనే హక్కుల పరిశోధకురాలు 2007లో ఈ అధికరణాన్ని నాలుగు భాగాలుగా విడదీసి చూపారు: చెప్పుకోవడానికి చోటు, చెప్పడానికి తోడ్పాటు, వినవలసిన వారే వినడం, విన్నదానికి తగిన ప్రభావం. పాఠశాలలు మొదటి రెండింటి దగ్గరే ఆగిపోవడం సర్వసాధారణం. ప్రతినిధి మాట్లాడతాడు, అందరూ చప్పట్లు కొడతారు, తరువాతి అంశానికి వెళ్లిపోతారు.

అలాంటి ఒక పాఠశాల విషయం చెబుతాను. అక్కడ ఇద్దరు విద్యార్థి ప్రతినిధులు ఉండేవారు, ఇద్దరికీ ఓటు ఉండేది. కానీ సమావేశం తరగతులు జరిగే వేళలోనే పెట్టేవారు. కాగితాలు ముందు రోజు సాయంత్రం చేతికి వచ్చేవి. బడ్జెట్ పట్టికలు వారికి అర్థమయ్యే రీతిలో ఉండేవి కావు. "విద్యార్థుల సూచనలు" అనే అంశం ఎజెండాలో అన్నిటికన్నా చివర ఉండేది, అప్పటికి సగం మంది లేచి వెళ్లిపోయేవారు. ఒకసారి యూనిఫాం మార్పుపై తీర్మానం ప్రవేశపెట్టి, వస్త్రం అప్పటికే ఖరారైన తరువాత, ఆ ప్రతినిధుల చేత సంతకం పెట్టించి "విద్యార్థుల సమ్మతితో" అని తల్లిదండ్రులకు లేఖ పంపారు. ఆ ప్రతినిధుల్లో ఒక అమ్మాయి తన తరగతికి తిరిగి వెళ్లినప్పుడు ఎదుర్కొన్న ప్రశ్నలు చాలా కఠినమైనవి. నువ్వు ఒప్పుకున్నావట కదా అని తోటివారు అడిగితే ఆమె దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరించినప్పుడు, అడుగున ఉన్న మూడు మెట్లను అసలు భాగస్వామ్యంగానే లెక్కించలేదు: పిల్లలను వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రమే చోటివ్వడం. నేను చెప్పిన ఈ పాఠశాలలో ఆ మూడూ ఒకే ఏడాదిలో జరిగాయి. స్థానం ఇచ్చి ఇలా చేయడం కంటే ఇవ్వకపోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే దీనివల్ల పిల్లలు సంస్థల మీద నమ్మకం కోల్పోవడం చిన్న వయసులోనే నేర్చుకుంటారు.

ఇప్పుడు జవాబు పొందే హక్కు ఆచరణలో ఎలా ఉంటుందో వివరిస్తాను, నా దృష్టిలో మీ ప్రతిపాదనకు ప్రాణం ఇదే. తరగతుల ప్రతినిధులతో ఏర్పడే విద్యార్థి మండలి ఒక అంశాన్ని రాసి ఇస్తే పాలక మండలి దాన్ని తరువాతి సమావేశపు ఎజెండాలో, అది కూడా మొదటి మూడు అంశాల్లో, చేర్చి తీరాలి. సమావేశం ముగిసిన రెండు వారాల్లోగా మూడు రకాల జవాబుల్లో ఒకటి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఒప్పుకున్నాం, ఫలానా వ్యక్తి ఫలానా తేదీలోగా చేస్తారు అన్నది ఒకటి. ఒప్పుకోలేదు, కారణం ఇది అన్నది రెండవది. ఇంకా సమాచారం కావాలి, ఫలానా తేదీన తిరిగి చర్చిస్తాం అన్నది మూడవది. "పరిశీలిస్తాం" అన్న మాటను జవాబుగా అంగీకరించకూడదని నియమంలోనే రాయండి. ఆ జవాబును ప్రతి తరగతి గదిలో అతికించాలి, మినిట్స్ పుస్తకంలో నమోదు చేయాలి.

కారణం రాయవలసి రావడం పెద్దల మీద ఎంత మంచి ఒత్తిడి తెస్తుందో ఒక ఉదాహరణ చూడండి. ఒక పాఠశాలలో తరగతుల సమయంలో మరుగుదొడ్లకు తాళాలు వేసేవారు. విరామంలో తప్ప తెరిచేవారు కారు. ముఖ్యంగా ఆడపిల్లలు దీనివల్ల చాలా ఇబ్బంది పడేవారు, కొందరు నీళ్లు తాగడమే మానేశారు. ఏళ్ల తరబడి నోటిమాటగా అడుగుతూ వచ్చిన ఈ విషయాన్ని విద్యార్థి మండలి మొదటిసారి రాతపూర్వకంగా పెట్టింది. కారణం రాయవలసి వచ్చేసరికి, కుళాయిలు విరగ్గొడుతున్నారన్న ఒక్క వాక్యం మాత్రమే తేలింది. అది బయటికి వచ్చాక చర్చ తాళం మీది నుంచి కుళాయిల మీదికి మారింది. ఒక వరుస మరుగుదొడ్లను రోజంతా తెరిచి ఉంచి, మరమ్మతులను వారం వారం విద్యార్థి మండలికి తెలియజేసేలా ఏర్పాటు చేశారు. విద్యార్థులు కోరినదాన్ని పాలక మండలి వద్దనడం కాదు, ఒకరి కారణం మరొకరికి తెలియకపోవడమే అసలు అడ్డంకి.

తిరస్కరణ కూడా ఇలాగే పనిచేస్తుంది. పరీక్షల టైంటేబుల్‌లో రెండు పెద్ద సబ్జెక్టులు వరుస రోజుల్లో వచ్చాయని, మార్చాలని ఒకచోట విద్యార్థులు కోరారు. తేదీలు పాఠశాల చేతిలో లేవని, బయటి పరీక్షల సంస్థ నిర్ణయిస్తుందని పాలక మండలి వివరంగా రాసి ఇచ్చింది. విద్యార్థులు దాన్ని వ్యతిరేకించలేదు. అలాగైతే ఆ వారంలో ఇంటిపని తగ్గించమని తిరిగి అడిగారు, అది ఒప్పుకున్నారు. కారణం తెలిసిన "కాదు" అన్న మాట పిల్లలకు ఆలోచన నేర్పుతుంది, కారణం లేని "సరే" అన్న మాట ఏమీ నేర్పదు.

ఏయే విషయాల్లో అన్న మీ ప్రశ్నకు వస్తాను. అన్నిటినీ ఒకే గాటన కట్టవద్దు. పాఠశాల ఉత్సవాలు, క్లబ్బులు, గ్రంథాలయానికి కొనే పుస్తకాల్లో కొంత భాగం, విద్యార్థి మండలికి కేటాయించిన చిన్న నిధి ఇవి విద్యార్థులే నిర్ణయించుకోవచ్చు. ప్రవర్తనా నియమాలు, ఫోన్ల వాడకం, యూనిఫాం, ఇంటిపని, పరీక్షల మధ్య విరామం, వేధింపుల నివారణ వంటివి కలిసి నిర్ణయించవలసినవి, ఇక్కడ విద్యార్థుల ఓటు ఉండటమే న్యాయం. బడ్జెట్, భవనాలు, కొత్త ఉపాధ్యాయుల నియామకం వంటి వాటిలో నిర్ణయాధికారం పెద్దలదే అయినా, నిర్ణయానికి ముందు అభిప్రాయం తీసుకోవడం మంచిది. ఒక విద్యార్థి మీద క్రమశిక్షణ చర్య, ఒక ఉపాధ్యాయుడి పనితీరు, ఒక కుటుంబ ఆర్థిక పరిస్థితి వంటి వ్యక్తిగత విషయాలు చర్చకు వచ్చినప్పుడు విద్యార్థి ప్రతినిధులు గదిలో ఉండకూడదు. ఇది వారిని తక్కువ చేయడం కాదు. తోటి విద్యార్థి రహస్యాన్ని మోయవలసిన భారం వారి మీద పెట్టకుండా కాపాడటం.

ఈ హద్దులను ఇప్పటికే చట్టంలో రాసుకున్న దేశాలు ఉన్నాయి. దక్షిణాఫ్రికా 1996 నాటి పాఠశాలల చట్టం ఎనిమిదవ తరగతి, అంతకు పైబడిన తరగతులున్న ప్రతి ప్రభుత్వ పాఠశాలలో విద్యార్థి ప్రతినిధుల మండలి ఉండాలని, ఆ మండలి ఎన్నుకున్నవారు పాలక మండలిలో సభ్యులు కావాలని నిర్దేశించింది. అదే చట్టం మైనర్ సభ్యులు పాఠశాల తరఫున ఒప్పందాలు చేసుకోరాదని, పాఠశాల మీద గానీ ఇతరుల మీద గానీ ఆర్థిక బాధ్యత మోపే తీర్మానాలపై ఓటు వేయరాదని, సభ్యత్వం వల్ల కలిగే పర్యవసానాలకు వారికి వ్యక్తిగత బాధ్యత ఉండదని కూడా చెబుతుంది. మీ సభ్యుల్లో చట్టపరమైన భయం ఉన్నవారికి ఈ మూడు మాటలు చూపించండి. డెన్మార్క్ ప్రభుత్వ పాఠశాలల పాలక మండళ్లలో విద్యార్థి ప్రతినిధులు ఉంటారు, వ్యక్తుల వ్యవహారాలు చర్చించే భాగానికి మాత్రం వారు హాజరు కారు. ఇంగ్లండ్ ప్రభుత్వ పాఠశాలల్లో 18 ఏళ్లు నిండనివారు పూర్తి సభ్యులు కాలేరు గానీ, ఓటు లేని అనుబంధ సభ్యులుగా తీసుకునే వీలుంది. ఐర్లండ్ 1998 విద్యా చట్టం ఉన్నత పాఠశాలల్లో విద్యార్థి మండళ్ల స్థాపనను ప్రోత్సహించే బాధ్యతను పాలక మండళ్ల మీదే పెట్టింది. భారతదేశంలో 2009 విద్యాహక్కు చట్టం కింద ఏర్పడే యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు. మిగిలిన పావు భాగంలో మూడింట ఒక వంతును స్థానిక విద్యావేత్తలతో గానీ బడిపిల్లలతో గానీ నింపవచ్చని కేంద్రం రూపొందించిన నమూనా నియమాలు చెబుతాయి. ఏ దేశంలో ఉన్నా, మీ నియమావళిని సవరించే ముందు అక్కడి చట్టంలో మైనర్ల ఓటు గురించి ఏముందో చూసుకోవడం తప్పనిసరి.

క్రమశిక్షణ పోతుందన్న అభ్యంతరం తేలికగా తోసిపుచ్చదగినది కాదు, ఆ భయం నిజాయితీ గలదే. కానీ ఆచరణ మరోలా ఉంటుంది. పోలండ్‌కు చెందిన వైద్యుడు, విద్యావేత్త యానుష్ కోర్చాక్ 1912 నుంచి వార్సాలో నడిపిన అనాథ బాలల గృహంలో పిల్లలే న్యాయమూర్తులుగా ఉండే కోర్టు పనిచేసేది. పెద్దల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు, ఆయన స్వయంగా ఆ కోర్టు ముందు నిలబడ్డారు. దానివల్ల ఆ గృహంలో అరాచకం రాలేదు, నియమం అందరికీ ఒకటేనన్న నమ్మకం వచ్చింది. 1921లో జర్మనీలో మొదలై, తరువాత ఇంగ్లండ్‌కు మారిన సమ్మర్‌హిల్ పాఠశాలలో ప్రతి విద్యార్థికీ ప్రతి ఉద్యోగికీ సమానంగా ఒక్కొక్క ఓటు, అయినా ఉపాధ్యాయుల నియామకం పెద్దల చేతిలోనే ఉండేది. అమెరికాలో 1968లో ప్రారంభమైన సడ్‌బరీ వ్యాలీ పాఠశాల ఇంకా ముందుకు వెళ్లి బడ్జెట్‌నూ సిబ్బంది కొనసాగింపునూ కూడా విద్యార్థుల ఓటుకు పెట్టింది. మీరు అంత దూరం వెళ్లాలని నేను చెప్పడం లేదు. ఇవి ప్రత్యేకంగా ఆ ఉద్దేశంతోనే స్థాపించిన సంస్థలు. కానీ పిల్లలకు ఓటు ఇవ్వగానే పాఠశాల కూలిపోతుందన్న వాదనకు ఇవి దశాబ్దాల జవాబు. నా అనుభవంలోనైతే, విద్యార్థులు కూర్చుని రాసిన నియమాలు తరచుగా పెద్దలు రాసిన వాటి కంటే కఠినంగా ఉంటాయి, శిక్షలను తగ్గించమని మేమే నచ్చజెప్పవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

ఇక ఎంపిక. ఉపాధ్యాయులు ఎంచిన ప్రతినిధి ఉపాధ్యాయుల ప్రతినిధే అవుతాడు. మొదటి ర్యాంకు వచ్చినవారినో, వేదిక మీద బాగా మాట్లాడేవారినో పంపితే, బడితో అత్యధికంగా ఇబ్బంది పడుతున్న పిల్లల మాట ఎప్పటికీ మండలికి చేరదు. మార్కుల అర్హత, హాజరు అర్హత పెట్టవద్దు. ప్రతి తరగతి రహస్య ఓటుతో తన ప్రతినిధులను ఎన్నుకోవాలి, వారంతా కలిసి పాలక మండలికి ఇద్దరిని పంపాలి. ఎన్నిక ఒక్కటే పెడితే ప్రజాదరణ ఉన్న కొద్దిమంది చుట్టూనే అంతా తిరుగుతుంది కాబట్టి, విద్యార్థి మండలిలో కొన్ని స్థానాలను చీటీ తీసి నింపమని నేను గట్టిగా సూచిస్తాను. చీటీలో పేరు వచ్చిన మాటకారి కాని పిల్లలు ఏడాది చివరికి ఎంత నిలకడగా పనిచేస్తారో చూస్తే మీకే నమ్మకం కలుగుతుంది. పదవీకాలం ఏడాది చాలు. ఇద్దరిలో ఒకరు పై తరగతి వారు, మరొకరు కింది తరగతి వారు అయితే అనుభవం తెగిపోదు. ఒక్కరిని మాత్రం ఎప్పుడూ పంపవద్దు. పెద్దల మధ్య ఒంటరిగా కూర్చున్న పిల్లవాడు తలూపడం తప్ప ఏమీ చేయలేడు.

నేను ఎక్కువగా పట్టుబట్టే నియమం మరొకటి ఉంది: ప్రతినిధికి కాపలా పని అప్పగించకూడదు. చాలా పాఠశాలల్లో క్లాస్ లీడర్ అంటే ఉపాధ్యాయుడు లేనప్పుడు మాట్లాడినవారి పేర్లు బోర్డు మీద రాసేవాడు, ఆలస్యంగా వచ్చినవారిని గేటు దగ్గర ఆపేవాడు. ఆ పనినే విద్యార్థి మండలి సభ్యులకు అంటగడితే, తరగతి దృష్టిలో వారు యాజమాన్యం మనుషులైపోతారు. తన పేరు బోర్డు మీద రాసినవాడికి ఏ విద్యార్థీ తన అసలు సమస్య చెప్పుకోడు. ఒక పాఠశాలలో వేధింపుల గురించి విద్యార్థి మండలికి ఒక్క ఫిర్యాదు కూడా రాకపోతే, అక్కడ వేధింపులు లేవని యాజమాన్యం సంతోషించింది. లోతుగా చూస్తే సభ్యులందరూ విరామంలో పర్యవేక్షణ విధుల్లో ఉన్నారు. ఆ విధులను వారి నుంచి తొలగించిన కొద్ది నెలలకే, ఎంతోకాలంగా కొనసాగుతున్న ఒక తీవ్రమైన వ్యవహారం బయటపడింది. పర్యవేక్షణ అవసరమైతే దానికి వేరే విద్యార్థులను, వేరే పేరుతో పెట్టుకోండి, లేదా ఆ పని పెద్దలే చేయండి.

దీనికి జతగా రక్షణ కూడా ఉండాలి. తన మార్కులు వేసే ఉపాధ్యాయుడి ఎదుటే ఆ ఉపాధ్యాయుడి విభాగాన్ని ప్రశ్నించవలసిన స్థితిలో ప్రతినిధి ఉంటాడు. సమావేశంలో మాట్లాడినదాన్ని బట్టి ఎవరి మీదా మార్కుల్లో గానీ ప్రవర్తనా పత్రంలో గానీ ప్రతికూల చర్య తీసుకోరాదని నియమావళిలో రాయండి. అలా జరిగిందని అనిపిస్తే ఎవరికి చెప్పుకోవాలో, అది పాఠశాల సిబ్బందిలో లేని ఒక మండలి సభ్యుడై ఉండాలని, పేరుతో సహా చెప్పండి. ప్రతినిధులకు మార్గదర్శిగా ఉండే ఉపాధ్యాయుడు వారికి పాఠం చెప్పనివాడై ఉంటే మంచిది. సమావేశానికి ముందు ఒక గంటపాటు కాగితాలన్నీ వారితో కలిసి చదవడం ఆ మార్గదర్శి ముఖ్యమైన పని. ఈ ఒక్క గంట లేకపోతే మిగతా ఏర్పాట్లన్నీ వృథా అవుతాయి.

వయసు విషయానికి వస్తే, పాలక మండలిలో కూర్చోవడానికి ఎనిమిదవ తరగతి నుంచి అన్నది సహేతుకమైన హద్దు. చిన్న తరగతుల వారిని వదిలేయమని దీని అర్థం కాదు. వారికి వారం వారం తరగతి సమావేశం చాలు. అక్కడ వచ్చిన అంశాలను విద్యార్థి మండలికి చేర్చే బాధ్యత పై తరగతి ప్రతినిధికి అప్పగించండి. ఆరేళ్ల పిల్లలు కూడా ఆటస్థలంలో ఏ మూల భయం వేస్తుందో చాలా స్పష్టంగా చెప్పగలరు.

బయటి రాజకీయాలు ఎన్నికల్లోకి వస్తాయన్న ఆందోళన మీ ప్రశ్నలో ఉంది. ప్రచారానికి డబ్బు ఖర్చు పెట్టడాన్ని, ముద్రించిన పోస్టర్లను, బయటి వ్యక్తుల ప్రమేయాన్ని పూర్తిగా నిషేధించండి. ప్రతి అభ్యర్థికీ తరగతిలో సమానంగా కొన్ని నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వండి. పాఠశాల స్థాయిలో ఇంతకు మించి అవసరం రావడం నేను చూడలేదు.

మొదటి ఏడాది అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు తరగతి సమావేశాలు, తరువాత విద్యార్థి మండలి ఎన్నిక, ఆ తరువాత జవాబు నియమం అమలు, అది రెండు మూడు సమావేశాల పాటు సక్రమంగా నడిచాక పాలక మండలిలో స్థానాలు, ఈ వరుస పనిచేస్తుంది. సమావేశ సమయాన్ని మాత్రం మొదటి రోజే బడి ముగిసిన వెంటనే ఉండేలా మార్చండి.

మీ తదుపరి సమావేశంలో ప్రవేశపెట్టడానికి వీలుగా తీర్మానం ముసాయిదా కింద ఇస్తున్నాను. మీ అవసరానికి తగినట్టు మార్చుకోండి.

"విద్యార్థి మండలి తన సభ్యుల నుంచి ఎన్నుకున్న ఇద్దరు ప్రతినిధులు ఏడాది కాలానికి పాలక మండలి సభ్యులుగా ఉంటారు. ఆర్థిక బాధ్యత మోపే తీర్మానాలపై వారు ఓటు వేయరు. వ్యక్తులకు సంబంధించిన చర్చలకు వారు హాజరు కారు. మిగిలిన అన్ని అంశాల్లో వారికి ఇతర సభ్యులతో సమాన హక్కులు ఉంటాయి. సమావేశపు కాగితాలు కనీసం వారం ముందు వారికి అందాలి. విద్యార్థి మండలి రాతపూర్వకంగా ఇచ్చిన ప్రతి అంశం తరువాతి సమావేశపు ఎజెండాలో మొదటి మూడు అంశాల్లో చేరుతుంది. దానిపై నిర్ణయాన్ని, కారణంతోనూ బాధ్యుడి పేరుతోనూ గడువుతోనూ సహా, రెండు వారాల్లోగా అధ్యక్షుల సంతకంతో విద్యార్థి మండలికి అందజేయాలి. సమావేశంలో వ్యక్తం చేసిన అభిప్రాయం కారణంగా ఏ విద్యార్థి మీదా ప్రతికూల చర్య తీసుకోరాదు."